నెత్తి మీది వార్త

ఇది రాస్తుంటే నా ఎడమ చెవి ఇంకా మండుతూనే ఉంది. కొబ్బరినూనె రాసుకున్నాను. రాసుకున్నాను అనకూడదు, మా ఆవిడ రాసింది. నవ్వాపుకుంటూ రాసింది కాబట్టి సగం నూనె చొక్కా కాలర్ మీద పడింది.

సంగతి నిన్నటిది. పదకొండింటికి లక్డీకాపూల్ దగ్గర ఒక హోటల్లో రోడ్డు భద్రత మీద సమావేశం. పదీ ముప్పావుకి నేను మెహదీపట్నం బస్టాపులో నిలబడి ఉన్నాను. అక్కడ ఎందుకున్నానంటే, పొద్దున ఒక వార్త కోసం వెళ్లాను. తీరా వెళ్తే అది వార్త కాకుండా పోయింది. దాన్ని వదిలేద్దాం.

పదహారేళ్లుగా నాది రవాణా బీట్. బస్సులు, మెట్రో, ఎంఎంటీఎస్, ఆటోలు, గుంతలు. చుట్టాలెవరికైనా ఈ ఊళ్లో ఎటైనా వెళ్లాల్సి వస్తే ముందు నాకే ఫోన్ చేస్తారు. కోఠిలో 127కె ఎక్కితే కొండాపూర్‌లో దిగొచ్చని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ ఊరి బస్సుల కథ 1932లో నిజాం జమానాలో 27 బస్సులతో మొదలైందని ఒక పెళ్లిలో పక్క విస్తరాయనకి వివరంగా చెబుతుంటే, సాంబారు వడ్డించేవాడు ఇంకా మూడు వరుసల అవతల ఉండగానే ఆయన అటు తిరిగి పిలవడం మొదలుపెట్టాడు. అంత పరిజ్ఞానం ఉన్నా నేను మాత్రం ఎక్కడికీ టైముకి చేరిన పాపాన పోలేదు. మెట్రో 69 కిలోమీటర్లుంది. 57 స్టేషన్లున్నాయి. అందులో ఒకటి లక్డీకాపూల్లోనే ఉంది. మెహదీపట్నంలో లేదు. నేను మెహదీపట్నంలో ఉన్నాను.

5కె వచ్చింది. వెనక డోర్ ఉండాల్సిన చోట డోర్ లేదు, మనుషులున్నారు. 2023 డిసెంబర్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశాక బస్సులు కళకళలాడుతున్నాయని, ఇది మంచి మార్పని నేనే అరపేజీ రాశాను. ఆ అరపేజీ గుర్తు తెచ్చుకుంటూ ఒక కాలు పెట్టే జాగా కోసం చూశాను. కాలి వేలు పెట్టే జాగా కూడా కనబడలేదు. బస్సు వెళ్లిపోయింది. అప్పుడు ఫోన్ తీసి బైక్ టాక్సీ బుక్ చేశాను.

కుర్రాడు రెండు నిమిషాల్లో వచ్చాడు. "ఓటీపీ చెప్పుర్రి సార్" అన్నాడు. చెప్పాను. అద్దానికి వేలాడుతున్న హెల్మెట్ తీసి నా చేతికిచ్చాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. రెండు నెలల క్రితం మా పత్రికలో బైక్ టాక్సీ హెల్మెట్ల మీద మూడు భాగాలు రాశాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవాడే కాదు, వెనక కూర్చున్నవాడు కూడా హెల్మెట్ పెట్టుకోవాలి. మరి వెనకవాళ్లకి ఇస్తున్నవి హెల్మెట్లా, ఉప్మా గిన్నెలా అని అడిగాను. మా డెస్క్ ఇన్‌చార్జ్ 'ఉప్మా గిన్నె' కొట్టేశారు. 'హెల్మెట్' కూడా కొట్టేసి అన్నిచోట్లా 'శిరస్త్రాణం' అని పెట్టారు. ఆయనకి తెలుగంటే ప్రాణం. ఆయన ప్రాణం వల్ల ఆ మూడు భాగాలూ కురుక్షేత్రం నుంచి వచ్చిన ప్రత్యక్ష వార్తల్లా అచ్చయ్యాయి. 'శిరస్త్రాణం ధరించని ఇద్దరికి గాయాలు.' నాకు ఫోన్ చేసిన ఒకే ఒక పాఠకుడు కూడా వాళ్లు ఏ నాటకం వాళ్లని అడిగాడు.

కాబట్టి హెల్మెట్ చేతికి రాగానే అలవాటు కొద్దీ తిప్పి చూశాను. ఐఎస్ఐ గుర్తు ఉందా? 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది అమ్మకూడదు, ఇదీ నేను రాసిందే. ఉంది. కాకపోతే ఆ అక్షరాలు ఎవరో తీరిగ్గా కూర్చుని చేత్తో రాసినట్టున్నాయి. వెనక్కి తిప్పి చూడలేదు. చూసి ఉండాల్సింది. లోపలి మెత్త మీద ఆ రోజు నా కంటే ముందు ఎక్కిన వాళ్లందరి తలనూనెలూ వేరువేరుగా గుర్తుపట్టే వాసనతో ఉన్నాయి.

"జర చిన్నగుంటది సార్, దబాయిస్తే పడతది" అన్నాడు కుర్రాడు.

నా తల మొదటి నుంచీ పెద్దదే. మా పెళ్లిలో బాసికం దారం చాలక పురోహితుడు దానికి ఇంకో దారం ముడేశాడు. ఆ ముడి ఫోటోలో ఇప్పటికీ కనిపిస్తుంది. దబాయించాను. చెవులు రెండూ మడతపడి లోపలికెళ్లాయి. గడ్డం కింద క్లిప్పు 'టక్' మంది. ఆ టక్ విని సంతోషించిన క్షణం నాకు బాగా గుర్తుంది.

మాసాబ్ ట్యాంక్ దాటి లక్డీకాపూల్ చేరాం. పదకొండూ పది. హోటల్ అవతలి వైపు, మేం ఇవతల. "యూటర్న్ శానా దూరం సార్, దాటిపోర్రి. ట్రిప్ ఎండ్ చేసిన" అన్నాడు. స్కాన్ చేశాను, డబ్బులు పడ్డాయి, "ఫైవ్ స్టార్ ఇయ్యుర్రి సార్" అన్నాడు, సరేనంటూ రోడ్డుకి అడ్డంగా పరుగెత్తాను. రోడ్డు భద్రత సమావేశానికి రోడ్డుకి అడ్డంగా పరుగెత్తానన్న విషయం ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది.

హోటల్ గుమ్మంలో వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూసి పక్కకి తప్పుకున్నాడు. లోపల రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూ, "సర్, పార్సిల్ అయితే వెనక గేట్ నుంచి ఇవ్వండి" అంది.

"పార్సిల్ ఏంటమ్మా, నేను ప్రెస్" అన్నాను. నా గొంతు నాకే నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది. చెయ్యి మెల్లగా పైకి పోయింది. వేళ్లకి జుట్టు తగలాల్సిన చోట ప్లాస్టిక్ తగిలింది.

వెనక్కి ఉరికాను. రోడ్డవతల బండి లేదు. అతనికి తర్వాతి బుకింగ్ వచ్చేసి ఉంటుంది. ఇచ్చిన హెల్మెట్ తిరిగి తీసుకోవాలన్న సంగతి అతనూ మర్చిపోయాడు, ఇవ్వాలన్న సంగతి నేనూ మర్చిపోయాను. అయినా ఆ నిమిషంలో నాకు అంత టెన్షన్ లేదు. తీసి చేత్తో పట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. క్లిప్పు నొక్కాను.

రాలేదు.

రెండో చేత్తో నొక్కాను. రెండు చేతులతో నొక్కాను. గోడకున్న అద్దం ముందుకెళ్లి చూసుకుంటూ నొక్కుదామంటే, గడ్డం కింద ఉన్న వస్తువు చూసుకోవాలంటే తలెత్తాలి, తలెత్తితే కళ్లు పైకప్పుని చూస్తాయి, దించితే గడ్డమే అడ్డం. మనిషి శరీరంలో తనకి తాను ఎప్పటికీ చూసుకోలేని చోటు ఏదైనా ఉంటే అది సరిగ్గా హెల్మెట్ క్లిప్పు ఉండే చోటే. వేలితో తడిమితే తెలిసింది: క్లిప్పుకి రెండు రెక్కలుండాలి కదా, ఒకటే ఉంది. రెండోది విరిగిపోయి, దాని ముక్క లోపలే ఇరుక్కుంది. అంటే ఇది లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదు. మా ఊళ్లో ఎలుకల బోను ఇలాగే ఉండేది. ఆ కుర్రాడికి మాత్రం దీని కిటుకు తెలిసే ఉంటుంది, పొద్దుణ్ణుంచి ఎంతమంది తలలు విడుదల చేసి ఉంటాడో.

క్లిప్పుని వదిలేసి మొత్తంగా పైకి లాగుదామని చూశాను. అప్పుడే ఎడమ చెవి నాతో సంబంధాలు తెంచుకుంది.

ఇంతలో సలహాలు మొదలయ్యాయి. మన ఊళ్లో రోడ్డు మీద పడిపోతే లేపేవాడు దొరక్కపోవచ్చు గానీ హెల్మెట్ ఇరుక్కుంటే పదిమంది వస్తారు. వాచ్‌మన్ సబ్బునీళ్లన్నాడు. లిఫ్ట్ ముందు నిలబడ్డ ఒక పెద్దాయన, "ఊపిరి బిగబట్టండి, తల సన్నబడుతుంది" అన్నాడు. పొట్టకి చెప్పే మాట తలకి చెప్పాడని ఆయనకి తెలీదు, నేనూ చెప్పలేదు, పైగా బిగబట్టాను. రిసెప్షన్ అమ్మాయిని కత్తెర అడిగితే, "గెస్టులకి కత్తెర ఇవ్వకూడదు సర్, రూల్" అంది. నేను గెస్టుని కాదన్నాను. "అయితే అసలే ఇవ్వకూడదు సర్" అంది.

సరే, ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఈ యాప్‌లో ప్రయాణం అయ్యేదాకా రైడర్ నంబరు అని మనకి చూపించేది అతని నంబరు కాదు, మధ్యలో కంపెనీ పెట్టే దొంగ నంబరు. ట్రిప్ అయిపోయిందంటే అది చచ్చిపోతుంది. పద్ధతి మంచిదే, ప్రయాణికుల భద్రత కోసం అని నేనే ఒకసారి మెచ్చుకుంటూ రాశాను. నేను ఈ పదహారేళ్లలో మెచ్చుకున్నవన్నీ నిన్న ఒక్కరోజే వరసగా వచ్చి పలకరించాయి. యాప్‌లో 'సహాయం' నొక్కాను. రైడర్ ఆలస్యంగా వచ్చారా? ఎక్కువ డబ్బులు అడిగారా? దురుసుగా మాట్లాడారా? మీ వస్తువు ఏదైనా మర్చిపోయారా? నాలుగే. వాళ్ల వస్తువు నా నెత్తి మీద ఉండిపోయిందా అని ఎవరూ అడగలేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉందని నాలుగోది నొక్కాను. వస్తువు పేరు? 'హెల్మెట్' అని కొట్టాను. 'మీ హెల్మెట్ పోయినందుకు చింతిస్తున్నాం. దొరికితే మీకు అందజేస్తాం' అని వచ్చింది. 'పోలేదు, ఉంది' అని కొట్టాను. 'మీ వస్తువు దొరికినందుకు సంతోషం' అని వచ్చి, ఫిర్యాదు మూసేశారు. పక్కన పువ్వు బొమ్మ కూడా.

టైము పదకొండున్నర. వార్త పోతే డెస్క్‌కి సమాధానం చెప్పుకోవాలి. చివరి వరసలో, స్తంభం వెనక ఓ కుర్చీ చూసుకుని కూర్చుందామని హాల్లోకి దూరాను. మెడలో వాలంటీర్ బ్యాడ్జీ వేసుకున్న ఒకబ్బాయి పరుగున వచ్చాడు. "హమ్మయ్య, వచ్చారా అన్నా! మీ కోసమే చూస్తున్నాం" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. నేనేదో చెప్పాను. హెల్మెట్‌లోంచి ఏదో వినిపించి ఉంటుంది. మొదటి వరసలో, సరిగ్గా వేదికకి ఎదురుగా కూర్చోబెట్టాడు.

తర్వాత తెలిసిందేంటంటే, హెల్మెట్ పెట్టుకుని కూర్చోవడానికి వాళ్లు ఒక మనిషిని మాట్లాడుకున్నారు. అవగాహన కోసం. ఆ మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడట.

వేదిక మీదున్న పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. మనిషి ఎవరో, ఏ సంస్థో చెప్పను, ఆయనకి నా మీద ఏ కోపమూ లేదు. హెల్మెట్ అంటే మన వాళ్లకి పోలీసు కనిపించినప్పుడు పెట్టుకునేదే తప్ప తలకి పెట్టుకునేది కాదని, కొందరు మోచేతికి తగిలించుకుని తిరుగుతారని, తల మోచేతిలో ఉందా అని చమత్కారంగా అన్నాడు. జనం నవ్వారు. నాకు నవ్వే జాగా లేదు, దవడ కదిలితే క్లిప్పు గొంతులో గుచ్చుకుంటోంది. అప్పుడు ఆయన చెయ్యి చాచి నన్ను చూపించాడు.

"ఈ సోదరుణ్ణి చూడండి. ఏసీ హాల్లో కూర్చున్నా హెల్మెట్ తీయలేదు. అదీ బాధ్యత! సోదరా, ఒకసారి లేచి నిలబడండి."

లేచాను. తెలుగులో ఇలాంటి సందర్భానికి తల దించుకోవడం అని ఒకటుంది. ఆ హెల్మెట్ బరువుకి తల దించితే మళ్లీ లేవదేమోనని భయమేసి నిటారుగానే నిలబడ్డాను. అది ఆత్మగౌరవంలా కనిపించి ఉంటుంది. చప్పట్లు మోగాయి. నా శ్వాసకి అద్దం మసకబారి, ఆ పెద్దమనిషి, వేదిక, పూలదండలు అన్నీ తెల్లటి పొగలో తేలుతున్నాయి. వెనక నుంచి కెమెరాల చప్పుడు. చప్పుడుతోపాటు నవ్వులు. ఇంత గౌరవప్రదమైన ఘట్టంలో వెనకున్న వాళ్లు ఎందుకు అంత పగలబడి నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు.

"ఒక్క మాట చెప్పండి సోదరా, మీరు రోజుకి ఎన్ని గంటలు హెల్మెట్‌తో ఉంటారు?" మైకు నా ముందుకొచ్చింది.

పదహారేళ్లుగా జనం ముక్కు ముందు మైకు పెట్టినవాణ్ణి. మైకు అటునుంచి ఇటొస్తే ఎలా ఉంటుందో నిన్నే తెలిసింది. నిజం చెబుదామని నోరు తెరిచాను. "ఇది రావట్లేదండీ" అన్నాను. హాల్లో వాళ్లకి ఏం వినిపించిందో గానీ ఆ పెద్దమనిషి మైకు తీసుకుని, "చూశారా, 'ఇది లేకుండా రాను' అంటున్నారు" అన్నాడు. ఇంకోసారి చప్పట్లు.

మూత్రశాల దగ్గర నేల తుడుస్తున్న ఒకావిడ నన్ను ఆ పూట కాపాడింది. ఏమైందని కూడా అడగలేదు. గడ్డం కిందికి తొంగి చూసి, పుస్తెలతాడుకి గుచ్చుకున్న పిన్నీసు ఒకటి తీసింది. "మా చిన్నోని స్కూలు బ్యాగు గూడ గిట్లనే పడతది సారూ" అంటూ సందులో పెట్టి తిప్పింది. మూడు సెకన్లు. గంటన్నర నుంచి చదువుకున్నవాళ్లందరం చేయలేని పని. వంద రూపాయలివ్వబోతే, "పిన్నీసుకు పైసలేంది" అని బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు హెల్మెట్ తిప్పి చూశాను. వెనక పసుపు స్టిక్కరు, ఎర్రటి లావు అక్షరాలు, ఆటోల వెనక ఉండేదే: 'నన్ను చూసి ఏడవకు'.

సాయంత్రం ఆఫీసుకెళ్లి పన్నెండు లైన్ల వార్త ఇచ్చాను. 'రహదారి భద్రతపై సదస్సు.' ఏ పేజీలో వచ్చిందో వెతుక్కోవాలి.

ఈ పొద్దున డెస్క్ ఇన్‌చార్జ్ ఫోన్. నా ఫోన్లో ఆయన పేరు కనిపించగానే చెవి ఇంకాస్త మండింది.

"అవతలి పేపర్ చూశావా?"

"లేదు సర్."

"సిటీ పేజీ, నాలుగు కాలాల ఫోటో. ఎవడో హెల్మెట్ పెట్టుకుని మొదటి వరసలో లేచి నిలబడ్డాడు. ముందు వేదిక మీద రోడ్డు భద్రత బ్యానర్, ఇటు వీడి నెత్తి వెనకాల 'నన్ను చూసి ఏడవకు'. ఫోటో అంటే అదయ్యా! నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఆ మనిషి నీకు కనిపించలేదా?"

ఆలోచించాను. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదనిపించింది.

"కనిపించలేదు సర్."

"అక్కడే కూర్చుని కనిపించకపోవడమేంటయ్యా? పదహారేళ్ల అనుభవం!"

ఆ హాలుకి ఫోటోగ్రాఫర్ని పంపమని మొన్న రాత్రి నేను రెండుసార్లు అడిగాను. రోడ్డు భద్రత సదస్సులో ఫోటో ఏముంటుంది, మనుషులు కూర్చుని ఉంటారు అంతేగా అన్నది ఈయనే. ఫోటోగ్రాఫర్ని ఏదో నగల దుకాణం ప్రారంభానికి పంపించారు. అది గుర్తు చేద్దామనుకున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది.

"సరే అయ్యిందేదో అయ్యింది. ఆ మనిషిని పట్టుకో. ఎవరు, ఏం చేస్తుంటాడు, ఎందుకంత నిబద్ధత, అన్నీ కావాలి. ఆదివారానికి మూడొందల పదాలు."

ఫోన్ పెట్టేశాక చూస్తే యాప్ నుంచి మెసేజ్ ఉంది. రైడర్ ఫిర్యాదు చేశాడట. హెల్మెట్ వాపసు ఇచ్చేదాకా నా ఖాతా ఆపేశారు. ఎవరికి ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో అందులో లేదు. వివరాల కోసం 'సహాయం' నొక్కమన్నారు. నొక్కాను. ఖాతా ఆపేశారు కాబట్టి 'సహాయం' తెరుచుకోదట. హెల్మెట్ చీరల షాపు కవర్లో పెట్టి బీరువా కింద తోశాను, మా చిన్నది దాన్ని రెండుసార్లు పెట్టుకుంది, దాని తలకి సరిగ్గా సరిపోయింది. క్లిప్పు పెట్టుకోవద్దని మాత్రం కేకేసి చెప్పాను.

ఇది రాస్తుండగానే ఆయన మళ్లీ ఫోన్ చేశారు.

"దొరికాడా?"

"వెతుకుతున్నాను సర్."

"వెతుకు. ఇంకో మాట, హెల్మెట్ అని రాసేవు. శిరస్త్రాణం అని రాయి."